సీల్ తీయని ఆయిల్ డబ్బా, దాని తారీఖ్

ఉర్దూలో తారీఖ్ అనే మాటకు రెండు మానేలు. ఒకటి తేదీ, రెండోది చరిత్ర. అటకల మీద, బంద్ పడ్డ మెకానిక్ దుకాణాల అల్మారీల్లో సీల్ తీయకుండా మిగిలిపోయిన పాత ఇంజన్ ఆయిల్ డబ్బాలకు ఈ రెండు మానేలూ సరిపోతాయి. మన ఖాందానుల్లో చాలామందికి మిస్త్రీ పని, ఆటో తోలడమే రోజీ-రోటీ. అందుకే ఇలాంటి డబ్బా దొరికితే మొదట వచ్చే సవాల్ ఒకటే: "సీల్ అట్లనే ఉంది కదా, దాదా స్కూటర్‌లోనో దుకాణం జనరేటర్‌లోనో పోసుకోవచ్చా?" జవాబు చాలావరకు డబ్బా మీదే రాసి ఉంటుంది. దాన్ని చదవడం రావాలి.

ముందు కంపెనీ పేరు చూడండి. బర్మా-షెల్ అని ఉంటే అది 1976కు ముందు జమానాది. ఆ ఏడు హుకూమత్ ఆ కంపెనీని తీసుకుంది. 1977లో దానికి భారత్ పెట్రోలియం అనే పేరు వచ్చింది. ఎస్సో అని ఉంటే ఇంకా పాతది. 1974లో ఎస్సో పోయి హిందుస్తాన్ పెట్రోలియం వచ్చింది. ఇండియన్ ఆయిల్ వాళ్ల సర్వో పేరు 1972లో మొదలైంది, కాబట్టి సర్వో డబ్బా అంతకంటే పాతది కాదు.

కాస్ట్రాల్ పేరులో మన చేలతో ఒక రిష్తా ఉంది. చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో లండన్‌లో కంపెనీ పెట్టి, నూనెలో ఆముదం కలిపి, 1909లో ఆ పేరు పెట్టాడు. ఆముదానికి ఇంగ్లీషు మాట క్యాస్టర్. పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండే అదే ఆముదం. మొదటి ప్రపంచ జంగ్‌లో గిర్రున తిరిగే రోటరీ ఇంజన్ల విమానాలకూ ఆముదమే పోసేవారు. పెట్రోల్‌లో అంత తేలికగా కరగదని దానికి కదర్ ఉండేది. కానీ పాతబడితే, వేడి తగిలితే బంకలా పట్టేసే ఐబ్ కూడా దానికే ఉంది.

ఇక అంకెలు, అక్షరాలు. 30, 40 అన్న అంకె చిక్కదనం మాత్రమే చెబుతుంది. అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం 1911లో ఆ లెక్క మొదలుపెట్టింది. నాణ్యత చెప్పేవి అక్షరాలు. ఎస్‌ఏ అంటే ఏ కెమికల్ కలపని ఉత్త నూనె, 1930 తర్వాత తయారైన ఇంజన్లకు పనికిరాదు. ఎస్‌బీకి హద్దు 1951. ఎస్‌సీకి 1967, ఎస్‌డీకి 1971, ఎస్‌ఈకి 1979, ఎస్‌ఎఫ్‌కు 1988. ఈ హద్దులు కార్ల కోసం రాసినవే అయినా, చిన్న జనరేటర్ల కితాబుల్లోనూ ఇవే అక్షరాలు కనిపించేవి. అంటే ఎస్‌ఎఫ్ డబ్బా ఎస్‌ఎఫ్ అడిగిన ఆ జమానా జనరేటర్‌కు ఖరాబు కాదు. అదే ఎస్‌ఏ డబ్బా పోస్తే మడ్డి పట్టి, లోపలి భాగాలు అరిగి, నుక్సాన్ ఇంజన్‌కే.

ఇంకో ముఖ్యమైన ఫరఖ్ ఉంది. పాత వెస్పాలు, చేతక్‌లు, అప్పటి ఆటోలు టూ-స్ట్రోక్ బండ్లు. వాటిలో నూనె పెట్రోల్‌తో కలిసి కాలిపోవాలి. దానికి 2టీ నూనె వేరే. కారు ఆయిల్‌లోని కెమికల్స్ కాలితే బూడిద మిగులుతుంది, ప్లగ్ చెడుతుంది. కాబట్టి దాదా చేతక్‌కు అల్మారీలోని కారు ఆయిల్ డబ్బా ఎంత ఖాలిస్ అయినా పనికిరాదు.

సీల్ ఉంటే చాలదా అంటే, చాలదు. నూనె కుళ్లదు కానీ అందులో కలిపిన కెమికల్స్ ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే అడుగుకు దిగొచ్చు. అట్ట డబ్బాల్లోకి తేమ చేరొచ్చు. అడుగున మడ్డి గానీ, పాలలాంటి తెలుపు గానీ కనిపిస్తే ఏ ఇంజన్‌లోనూ పోయకండి. తలుపు బందుకో, గేటు చక్రానికో వాడండి. మోరీలో మాత్రం పారబోయొద్దు. సర్వీస్ సెంటర్లో వాడిన ఆయిల్ పోసే డ్రమ్ములో వేయించండి.

జమచేసే షౌక్ ఉన్నవాళ్లు సీల్ తీయకండి. తుప్పును ఇసుక కాగితంతో గీకితే పేరు, అక్షరాలు పోతాయి, వాటితో పాటు తారీఖ్ పోతుంది. మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, ఎండ తగలని చోట నిలువుగా పెట్టండి. ఏ దుకాణం నుంచి వచ్చిందో, ఏ ఉస్తాద్ దాచాడో ఒక చీటీ మీద రాసి పక్కన ఉంచండి. కొనేటప్పుడు మాత్రం మూత, అంచుల అతుకు చూసుకోండి. పాత డబ్బాలో వాడిన నూనె నింపి అమ్మే ధోకా కూడా జరగొచ్చు.

కొత్త ఆయిల్ లీటర్ కొన్ని వందలకు దొరుకుతుంది. బోరుకు వచ్చిన ఇంజన్‌కు అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. బర్మా-షెల్ డబ్బా అయితే మళ్లీ తయారు కాదు. బండికి కొత్త నూనె పోయండి, పాత డబ్బాను మీ బుజుర్గుల కష్టానికి నిషానీగా దాచండి.