పేరు ఒక అమానత్
కుక్కలకు చారిత్రక నామాలు – ఒక పరిశీలన

బెంగళూరు నుండి గుంతకల్లు వెళ్ళే రైలుమార్గంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఈ మూడూళ్ళ పేర్ల వెనుకా చరిత్ర ఉన్నది. మరాఠా సేనాని మురారిరావు ఘోర్పడే తన తండ్రి హిందూరావు పేరు నిలబడాలని హిందూపురాన్ని నిర్మించాడని ప్రతీతి. క్రియాశక్తి ఒడయారు తన తల్లి ధర్మాంబ పేరిట ధర్మవరానికి ఆ పేరు పెట్టాడని స్థానికులు చెప్పుకుంటారు. పెనుకొండ అంటే పెద్ద కొండ. 1565 నాటి యుద్ధంలో విజయనగరం కూలిన పిమ్మట రాజధాని అయింది ఈ కొండే. బాబా ఫక్రుద్దీన్ దర్గా మూలాన ముస్లిములకూ, హిందువులకూ ఇది యాత్రాస్థలం. తల్లి పేరు, తండ్రి పేరు, కొండ పేరు – వీటిని ఊళ్ళకు పెట్టినవారు పేరును గౌరవ చిహ్నంగానే ఎంచారు.

అదే సీమలో, ఇళ్ళ ముందూ, గొర్రెల మందల వెంటా, వేరుశనగ చేల గట్ల మీదా మరొక పేరు వినిపిస్తుంది: టిప్పు. అది కుక్క పేరు. రాజా, టైగర్, మోతీ, షేరూ అన్నంత తేలికగా ఆ పేరు నోట పలుకుతుంది. పిలిచేవారిలో నూటికి తొంభైమందికి దురుద్దేశం ఉండదు. తాత పెంచిన కుక్క పేరును మనుమడు తన కుక్కకు పెట్టుకుంటాడు, అంతే. అయినా అదే వీధిలో టిప్పు అనే పేరుగల ముస్లిం బాలుడు నడిచిపోతున్నప్పుడు ఎవరో తమ కుక్కను ఆ పేరుతో అదిలిస్తే ఆ పసి మనస్సు ఏమవుతుంది? చిన్న విషయంగా కనిపించే ఈ అలవాటును చరిత్ర దృష్టితోనూ, ధర్మ దృష్టితోనూ పరిశీలించవలసిన అవసరం ఇక్కడనే ఉన్నది.

టిప్పు అనే పేరు ఎక్కడిది?

టిప్పు సుల్తాన్ 1750లో దేవనహళ్ళిలో జన్మించాడు. అది హిందూపురానికి దక్షిణాన వంద కిలోమీటర్లయినా లేని ఊరు. కన్నడంలో టిప్పు అంటే పులి అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆర్కాటులో టిప్పు మస్తాన్ ఔలియా అనే సూఫీ మహనీయుని సమాధి ఉన్నది. సంతానాపేక్షతో హైదర్ అలీ దంపతులు ఆ దర్గాను దర్శించారనీ, తరువాత పుట్టిన కుమారునికి ఆ వలీ పేరే పెట్టుకున్నారనీ చరిత్రకారులు వ్రాశారు. కనుక టిప్పు అనేది మొదట ఒక రాజు పేరు కాదు. దైవధ్యానంలో జీవితం గడిపిన ఒక ఫకీరు పేరు. వాకిట్లో కుక్కను ఆ పేరుతో పిలిచేవారు తమకు తెలియకుండానే ఒక సుల్తాన్ పేరుతో పాటు ఒక వలీ పేరును కూడా పలుకుతున్నారు.

ఈ సీమకు హైదర్, టిప్పులతో గల సంబంధం పుస్తకాలకే పరిమితమైనది కాదు. 1776లో హైదర్ అలీ గుత్తి కోటను ముట్టడించి మురారిరావును లొంగదీశాడు. ఆ వీరుడు కబ్బాలదుర్గంలో బందీగానే కన్నుమూశాడు. హిందూపురాన్ని నిర్మించినవానిగా చెప్పబడే వ్యక్తిని ఓడించినది టిప్పు తండ్రే నన్నమాట. 1799 మే 4న శ్రీరంగపట్నం కోటలో పోరాడుతూ టిప్పు నేలకొరిగాడు. ఆ తరువాత నిజాముకు దక్కిన ఈ ప్రాంతం 1800లో కుంఫిణీ వారి పరమై దత్తమండలంలో భాగమయింది.

పతకం మీది పులి

ఆంగ్లేయ దొరలు కక్ష కొద్దీ తమ కుక్కలకు టిప్పు అని పేరు పెట్టారనీ, దొరల బంగళాల నుండే ఆ అలవాటు ఊళ్ళకు పాకిందనీ దక్షిణ దేశంలో పెద్దలు చెబుతూ వచ్చారు. ఇది జనశ్రుతి, దానిని జనశ్రుతిగానే స్వీకరించాలి. అయితే ఓడిన శత్రువు పేరునూ చిహ్నాన్నీ కించపరచే ప్రయత్నం జరిగిందనడానికి లోహపు సాక్ష్యమే ఉన్నది. శ్రీరంగపట్నం విజయానికి గుర్తుగా కుంఫిణీ వారు ఇంగ్లండులోని సోహో టంకశాలలో పతకాలు ముద్రించారు. వాటి మీద బ్రిటిష్ సింహం ఒక పులిని నేలకు అదిమిపట్టి ఉంటుంది. పులి టిప్పు చిహ్నమని చెప్పనక్కరలేదు. ఆ పతకం మీది పతాకంపై ‘అసదుల్లాహిల్ గాలిబ్’ అని అరబీ అక్షరాలు చెక్కారు. ‘జయశీలి అయిన దైవ సింహం’ అని దాని అర్థం. అది హజ్రత్ అలీ (రజి) బిరుదు. టిప్పు తన ఆయుధాల మీద పులి ముఖం ఆకారంలో వ్రాయించుకున్న అక్షరాలు కూడా అవే. అంటే రాజ్యంతో పాటు అతడు భక్తితో ధరించిన నామాన్ని కూడా జయించినవారు పట్టుకుపోయి, అతని మీదికే తిప్పారు.

తెల్లదొరను చీల్చుతున్నట్లు చేసిన టిప్పు కొయ్యపులిని లండనుకు తరలించి, 1808 నుండి ఈస్టిండియా హౌసులో ప్రజల వినోదానికై ప్రదర్శించారు. నేడది అదే నగరంలోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. ఓడినవాని జ్ఞాపకాన్ని ఆటవస్తువుగా మార్చడమనే ఈ మనస్తత్వాన్ని గమనిస్తే, కుక్కల పేర్ల గురించిన జనశ్రుతిని ప్రజలు ఎందుకు అంత సులభంగా నమ్మారో బోధపడుతుంది.

పేరు పెట్టేవాని మనస్సు

కాని చారిత్రక నామాన్ని కుక్కకు పెట్టిన ప్రతి సందర్భమూ అవమానమే అనడం న్యాయం కాదు. ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డు తన ముద్దుల కుక్కకు రోము నియంత సీజరు పేరు పెట్టుకున్నాడు. 1910లో రాజు శవయాత్రలో ఆ కుక్క దేశదేశాల ప్రభువులకంటె ముందు నడిచింది. అక్కడ ఆ పేరు ప్రేమకూ, దర్జాకూ గుర్తు. సీజరు వారసులెవరూ ఆ వీధిలో లేరు. ఆ పేరు విని నొచ్చుకునేవారు లేరు.

ఈ విషయంలో ముస్లిం ప్రభువులు కూడా నిర్దోషులని చెప్పలేము. జునాగఢ్ కడపటి నవాబు మహాబత్ ఖాన్ వందలాది కుక్కలను పెంచాడు. తన ప్రియమైన ఆడకుక్కకు రోషనారా అని పేరు పెట్టి, దానికి అట్టహాసంగా పెళ్ళి కూడా చేశాడు. రోషనారా అన్నది షాజహాన్ చక్రవర్తి కుమార్తె పేరు. ఢిల్లీలో ఆమె నాటించిన తోట నేటికీ ఆ పేరుతోనే ఉన్నది. టిప్పు పేరు విని బాధపడేవారు రోషనారా పేరును కూడా గుర్తుంచుకోవాలి. పరుల తప్పును కొలిచే కొలబద్దతోనే మన తప్పునూ కొలవాలి గదా!

కుక్క హీనమైనదా?

ఇక్కడ మరొక అపోహను తొలగించవలసి ఉన్నది. కుక్క నీచమైనది కనుక ఆ పేరు అపవిత్రమైపోతుందని కొందరంటారు. కుక్క లాలాజలం విషయంలో ఫిఖ్‌హ్ పండితులు శుచికి సంబంధించిన నియమాలు చెప్పారు. మాలికీ పండితులు ఆ విషయంలోనూ సడలింపు చూపారు. వేటకూ, మందల కాపలాకూ, పొలాల రక్షణకూ కుక్కను పెంచడానికి అనుమతి ఉన్నది. శిక్షణ పొందిన వేటజంతువులు పట్టినది తినవచ్చునని దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరాలో తెలిపింది. దాహంతో అలమటిస్తున్న కుక్కకు బావిలో దిగి తన మేజోడుతో నీరు తెచ్చి త్రాపినవానిని అల్లాహ్ క్షమించాడని దైవప్రవక్త (స) బోధించారు. శుచి నియమం వేరు, ద్వేషం వేరు.

అరబ్బులు కుక్కలకు పేర్లు పెట్టేవారు. లబీద్ కవి తన ప్రసిద్ధమైన ముఅల్లఖాలో వేటకుక్కలను కసాబ్, సుఖామ్ అనే పేర్లతో పేర్కొన్నాడు. ‘సంపాదించునది’, ‘నల్లనిది’ అన్న భావాలు వాటిలో ఉన్నాయి. బస్రా పండితుడు జాహిజ్ తన జంతు గ్రంథంలో కుక్కకూ కోడిపుంజుకూ గల గుణాల మీద సుదీర్ఘమైన వాదమే నడిపాడు. హిజ్రీ 309 (క్రీ.శ. 921)లో మరణించిన ఇబ్నుల్ మర్జుబాన్, బట్టలు కట్టుకున్న పెక్కుమందికంటె కుక్కలే మిన్న అనే అర్థం వచ్చే పేరుతో ఒక గ్రంథమే కూర్చాడు. అంతెందుకు, దైవప్రవక్త (స) వారి పూర్వీకులలో ఒకరి పేరు కిలాబ్. అది ‘కల్బ్’ అనే కుక్క పేరుతో కలసిన మాటే.

అందుచేత కుక్క తక్కువ గనుక గొప్పవారి పేరు పెట్టరాదన్నది వాదం కాదు. పేరు ఒక వ్యక్తికి చెందిన గౌరవం. అది తరువాతివారి చేతిలో అమానత్ అన్నదే వాదం. ఒకరినొకరు చెడ్డపేర్లతో పిలుచుకోవద్దని హుజురాత్ సూరా ఆజ్ఞాపించింది. దైవప్రవక్త (స) ‘అవిధేయురాలు’ అనే అర్థం వచ్చే ఆసియా అనే పేరును మార్చి ఒక స్త్రీకి జమీలా అని పేరు పెట్టారు. తమ జంతువులకు కూడా ఆయన చక్కని పేర్లు ఉంచారు. ఒంటె ఖస్వా, కంచరగాడిద దుల్‌దుల్, గుర్రం సక్బ్. సక్బ్ అంటే ప్రవాహంలా పరుగెత్తేది. జంతువుకు దాని గుణాన్ని బట్టి పేరు ఉంచడమనే మర్యాదకు ఇది చక్కని ఉదాహరణ.

ఏ పేరు తగును?

పాతకాలపు పేరు కావాలనుకోవడంలో తప్పు లేదు. ప్రాచీన గ్రీకు రచయిత జెనోఫన్ వేట గురించి వ్రాస్తూ, కుక్క పేరు పొట్టిగా, పిలవడానికి సులువుగా ఉండాలన్నాడు. బలాన్నీ, చురుకుదనాన్నీ సూచించే పేర్లు నలభైకి పైగా చెప్పాడు. రెండక్షరాలలో తెగిపోయే పలుకు కుక్క చెవికి త్వరగా పడుతుంది. టిప్పు అనే పేరు ఇంతగా వాడుకలోకి రావడానికి ఈ సౌలభ్యం కూడా ఒక కారణం కావచ్చు. అదే సౌలభ్యం కసాబ్‌లోనూ, సుఖామ్‌లోనూ, సక్బ్‌లోనూ ఉన్నది. రంగు, వేగం, కాపలా, నమ్మకం – వీటిని తెలిపే పొట్టి మాటలు తెలుగులోనూ, ఉర్దూలోనూ కొల్లలు.

ఈ మర్యాద రెండు వైపులా ఉండాలి. టిప్పు పాలనను గురించి భిన్నాభిప్రాయాలున్నాయి. కొడగు, మలబారు ప్రాంతాలలో ఆయన దండయాత్రల జ్ఞాపకం చేదైనది. కర్ణాటకలో 2015లో ప్రభుత్వం ఆరంభించిన టిప్పు జయంతిని 2019లో మరొక ప్రభుత్వం రద్దు చేసింది. రాజుగా ఆయనను విమర్శించే హక్కు చరిత్రకారునికి ఉన్నది. పేరును హేళన చేయడం మాత్రం విమర్శ అనిపించుకోదు. అదేవిధంగా మురారిరావు పేరునో, పెనుకొండ నేలిన రాయల పేరునో ఒక ముస్లిం తన కుక్కకు పెట్టుకుంటే పొరుగువాడు నొచ్చుకోడా? ఇతరులు ఆరాధించేవాటిని దూషించవద్దని ఖుర్ఆన్ అన్ఆమ్ సూరాలో హెచ్చరించింది. ఆ హెచ్చరికలోని సభ్యత ఇక్కడ కూడా వర్తిస్తుంది.

పొరుగింటి కుక్క పేరు టిప్పు అయితే కలహానికి దిగవలసిన పని లేదు. ఆ కుక్క తన పేరు తాను పెట్టుకోలేదు. ఆ ఇంటివారికి ఆ పేరు చరిత్ర తెలియదు. ఆర్కాటు వలీ సంగతి, శ్రీరంగపట్నం పతకం సంగతి నెమ్మదిగా చెబితే వినేవారు చాలామంది ఉన్నారు. అంతకంటె ముందు ఆ పేరు ధరించిన బాలునికే దాని అర్థం తెలియాలి. తన పేరు ఎక్కడి నుండి వచ్చిందో తెలిసినవానిని వీధిలోని పిలుపు కించపరచలేదు.

కడపటి మాట కహఫ్ సూరా నుండి గ్రహించవచ్చు. గుహవాసుల సంఖ్య ఎంత అన్న వివాదాన్ని పేర్కొంటూ దివ్య ఖుర్ఆన్, ముగ్గురన్నా, అయిదుగురన్నా, ఏడుగురన్నా, ప్రతిసారీ వారి కుక్కను కూడా లెక్కించింది. గుహద్వారం వద్ద ముందుకాళ్ళు చాచి ఉన్న దాని భంగిమను కూడా వర్ణించింది. కాని దాని పేరు చెప్పలేదు. ఖిత్మీర్ అనే పేరు తరువాతి వ్యాఖ్యాతలు చెప్పినది. కొన్ని దేశాల ముస్లిములు దూరప్రాంతాలకు పంపే ఉత్తరాలు క్షేమంగా చేరాలని వాటి మీద ఆ పేరు వ్రాసేవారు కూడా. సజ్జనులను విడువక కాచిన ఆ మూగజీవికి గౌరవం దాని విశ్వాసం వల్ల వచ్చింది. ఏ రాజు పేరూ దానికి అరువు తేవలసిన అవసరం కలుగలేదు. హిందూపురంలోనైనా, పెనుకొండలోనైనా, ధర్మవరంలోనైనా, ఇంటిని కాచే కుక్కకు దాని గుణానికి తగిన పేరు పెట్టి, వలీ పేరును వలీకీ, సుల్తాన్ పేరును సుల్తాన్‌కూ విడిచిపెట్టడమే ఉభయులకూ న్యాయం.