కుంపిణీ తటస్థత - మనకు కావలసిన సహనం

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు సంఘ చరిత్రను మనం సాధారణంగా మిషనరీల రాకతో మొదలుపెడతాం. కానీ వారు రాకముందే ఈ నేల అనేక విశ్వాసాలకు నెలవు. అహోబిలం వైష్ణవుల దివ్యక్షేత్రం. అక్కడి నరసింహస్వామి చెంచులకు ఇంటి అల్లుడు. మహానంది శైవక్షేత్రం. పీర్ల పండుగలో హిందువులు పాలుపంచుకోవడం రాయలసీమ పల్లెలకు కొత్త కాదు.

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కుంపిణీకి అప్పగించాడు. కోయిలకుంట్ల ఆ పాలనలోకి వెళ్లింది. పొరుగునే ఉన్న నంద్యాల, సిరివెళ్ల తాలూకాలు మాత్రం 1839 వరకు కర్నూలు నవాబు కిందే ఉన్నాయి.

తెల్లవారి ప్రభుత్వం కాబట్టి అది క్రైస్తవ ప్రభుత్వమని చాలామంది అనుకుంటారు. వాస్తవం వేరు. కుంపిణీకి ముఖ్యం వ్యాపారం, శిస్తు, శాంతి. 1806 వేలూరు తిరుగుబాటు తర్వాత మిషనరీలను అది మరింత అనుమానంగా చూసింది. 1813 చార్టర్ చట్టంతో గాని వారికి దారి సుగమం కాలేదు. 1822లో కడపలో లండన్ మిషన్, 1850లలో ఆళ్లగడ్డ సమీపంలోని ముత్యాలపాడులో ఎస్.పి.జి. మిషన్ పని ప్రారంభించాయి.

మరోవైపు 1817 నాటి మద్రాసు ఏడవ రెగ్యులేషన్ ద్వారా గుళ్ల, మసీదుల ధర్మాదాయాల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డు చేపట్టింది. దీనిని పలువురు క్రైస్తవులు వ్యతిరేకించారు. ఈ వివాదంలోనే మద్రాసు సేనాధిపతి పెరిగ్రిన్ మెయిట్లాండ్ పదవిని వదులుకున్నాడు. చివరకు 1863 చట్టంతో ప్రభుత్వం ఆ బాధ్యత నుంచి తప్పుకుంది. ప్రభుత్వం ఏ మతాన్నీ నడపకూడదన్న ఆ వాదన న్యాయమైనదే. అయితే అందులో పొరుగువాని ఆరాధన పట్ల చులకన కూడా కలిసింది. ఆ చులకనను మనం వారసత్వంగా తీసుకోనక్కరలేదు.

1850లో వచ్చిన మరో చట్టం, మతం మారినంత మాత్రాన వారసత్వ హక్కు పోదని చెప్పింది. ఆస్తి ఉన్నవారికి అది పెద్ద రక్షణ. కానీ ఈ ప్రాంతంలో సువార్తను అంగీకరించినవారు ఎక్కువగా సెంటు భూమి లేని దళితులు. వారికి కావలసినది ఊరి బావిలో నీళ్లు, బడిలో చోటు. వాటిని కుంపిణీ తటస్థత ఇవ్వలేదు. బలవంతునికీ బలహీనునికీ మధ్య ఎటూ కాకుండా నిలబడితే, ఉన్న అన్యాయం ఉన్నట్టే ఉంటుంది.

కాబట్టి సహనమంటే జోక్యం చేసుకోకపోవడం మాత్రమే కాదు. ఎదుటివాని హక్కు కోసం నిలబడడం. నేడు రాజ్యాంగం 25వ అధికరణం మనకిచ్చే స్వేచ్ఛ మన పొరుగువారందరిదీ. మత్తయి 7:12లో ప్రభువు చెప్పిన కొలత ఇక్కడా వర్తిస్తుంది. మన ప్రార్థనకు అడ్డు రావద్దని కోరే మనం, ఇతరుల దేవతలను మైకులో ఎగతాళి చేయకూడదు. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, పెళ్లి మాట వచ్చేసరికి మాల, మాదిగ అని విడిపోతే, సహనం గురించి ఊరికి బోధించే అర్హత మనకు ఎక్కడిది? సంఘంలో మొదలుకాని సహనాన్ని ఏ చట్టమూ బయట నుంచి తెచ్చి ఇవ్వలేదు.