అవతలి గట్టూ, ఇవతలి గట్టూ

మన ఖమ్మం ప్రాంతం వాళ్ళకి సముద్రపు ఒడ్డు లేదు. ఇంగ్లీషువాళ్ళు తమ తీరాన్ని గురించి పుస్తకాలకు పుస్తకాలు రాసుకున్నారు, రాసుకోనివ్వండి. మనకి గోదారి గట్టుంది. పర్ణశాల నుంచి దుమ్ముగూడెం, భద్రాచలం మీదుగా కూనవరం దాకా ఆ గట్టున రోజూ కనిపించేవాటి సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను. వింతలేమీ కావు. దైవదర్శనానికి వెళుతూ మనం చూసీ చూడనట్టు దాటిపోయేవే.

భద్రాచలంలో స్నానాలరేవు మెట్లమీద నుంచుంటే ఎదర ఏం కనిపిస్తుంది? నది మీద పాత వంతెన, అవతల సారపాక, అక్కడి కాయితం మిల్లు. ఆ వంతెనని 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించారు. అంతవరకూ ఖమ్మం వైపునుంచి వచ్చేవాళ్ళకి పడవే గతి. రైలు స్టేషనుకి భద్రాచలం రోడ్డు అని పేరైతే పెట్టారు గాని, అది ఉన్నది కొత్తగూడెంలో! రాముడి గుడి అక్కడికి 40 కిలోమీటర్లు. ఆ పేరు నమ్మి, దిగగానే గోపురం కనపడుతుందనుకున్న యాత్రికులు ఎందరో పాపం.

ఇవాళ నాలుగు నిమిషాల్లో దాటేసే ఈ నీళ్ళు ఒకప్పుడు రెండు ప్రభుత్వాలకి సరిహద్దు. రామదాసుగారి కాలంలో అలా లేదు. పాల్వంచ పరగణాకి ఆయన తహసిల్దారు. రెండు గట్లూ గోల్కొండ తానీషావే. 1860లో నైజాంకీ ఇంగ్లీషువాళ్ళకీ ఒడంబడిక జరిగి ఎడమ గట్టు, అంటే భద్రాచలం, రేకపల్లి ప్రాంతం, ఇంగ్లీషువాళ్ళకి పోయింది. బూర్గంపాడు, పాల్వంచ నైజాంలోనే ఉండిపోయాయి. ఇటు హాలీ సిక్కా, అటు కంపెనీ రూపాయి. సీతారాముల కల్యాణానికి ప్రభుత్వం తరపున ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ తానీషా నాటిదని చెబుతారు. గట్టు చేతులు మారాక ఆ ముత్యాలు పరాయి ప్రభుత్వపు నేలమీదికి ఏరు దాటి వెళ్ళవలసి వచ్చిందన్నమాట.

ఇంగ్లీషువాళ్ళకి ఈ అడవి గట్టుమీద అంత మోజెందుకంటారా? పత్తి కోసం. దుమ్ముగూడెంలో నదికి అడ్డంగా రాతికట్ట, పక్కనే పడవల కాలువ, దానికి లాకులు ఇప్పటికీ చూడవచ్చు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఆలోచన అది. నాగపూరు, బీరారు పత్తిని గోదారి మీదుగా సముద్రానికి దింపాలని. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయేసరికి ఆ ఆత్రం రెట్టింపయింది. హేగ్ అనే ఇంజనీరు అజమాయిషీలో ఏళ్ళతరబడి రాళ్ళు మోశారు, జ్వరాలతో మంచాన పడ్డారు. ఈలోగా బొంబాయి రైలు నాగపూరు చేరింది; పత్తి అటే పోయింది. 1871లో పని మానేశారు. ఇంత చేసి మిగిలింది ఆ కట్టడమూ, హేగ్ చొరవతో దుమ్ముగూడెంలో వెలిసిన క్రైస్తవ మిషనూ. ఆ మిషనులో పనిచేసిన జాన్ కెయిన్ అనే పాదిరీ కోయవాళ్ళ ఆచారాల గురించి పత్రికల్లో రాశాడు. దొరల రాతల్లో ఉండే పెద్దరికం అందులోనూ ఉంది, అయినా నాటి సంగతులు చాలా దొరుకుతాయి.

1874లో ఎడమ గట్టుని మద్రాసు రాజధానిలో కలిపారు. రేకపల్లి కొండల్లో పోడుకి గొడ్డలికింతని స్వల్పంగా ఉన్న పన్ను దాంతో దాదాపు మూడింతలయింది. 1879 నాటి రంప తిరుగుబాటు ఇక్కడికీ పాకడానికి అదొక కారణం. రెవెన్యూ కాయితంలో గీసిన గీత కోయవాళ్ళ కుండలోకి వచ్చి పడింది.

ఆ ఆడవాళ్ళని సంతలో చూడండి. చింతపండు, కరక్కాయలు, చీపుళ్ళు, విస్తళ్ళకి అడ్డాకులు. ఎండలు ముదిరేవేళకి ఇప్పపువ్వు, ఆపైన తునికాకు కోత. తెల్లారకముందే అడవికి వెళ్ళి కోసి, కట్టలు కట్టి కల్లానికి చేర్చేది వాళ్ళే. మనం పెళ్ళిలో భోంచేసి పారేసిన విస్తరి ఏ కొండమీది ఆకో మనకెప్పుడైనా తట్టిందా?

వానాకాలం వస్తే ఈ గట్టున పలకరింపే మారిపోతుంది. “ఎన్నడుగులొచ్చింది?” అంటారు. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. బియ్యం డబ్బా అటకెక్కించాలా, పిల్లల్ని పుట్టింటికి పంపాలా అన్నది ఆ అంకెలే చెబుతాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3.

దేశానికి స్వతంత్రం వచ్చాక రెండు గట్లూ ఒకటి కావడానికి 1959 దాకా పట్టింది. అప్పుడు భద్రాచలం తాలూకాని తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో మళ్ళీ విడదీశారు. పోలవరం ముంపు కింద వచ్చే మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి, భద్రాచలం పట్నం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. గుడి మాన్యం చాలావరకు పురుషోత్తపట్నంలో ఉంది, అది ఆంధ్ర. ఎటపాక మీదుగా దుమ్ముగూడెం వెళ్ళే బస్సు ఒక రాష్ట్రంలోంచి ఇంకో రాష్ట్రంలోకి పోయి, మళ్ళీ మొదటిదాన్లోకి వస్తుంది. పొలం ఒకచోట, రేషన్ కార్డు ఒకచోట అయిన సంసారాలకి ఇది నవ్వులాట కాదు.

కూనవరంలో శబరి వచ్చి గోదారిలో కలుస్తుంది. గోదారి పోటెత్తితే శబరి నీళ్ళు ముందుకు పోలేక చింతూరు దాకా వెనక్కి ఎగదన్నుతాయి. పోలవరం జలాశయంలో 150 అడుగుల మట్టానికి నీళ్ళు నిలిపితే ఆ సంగమం గట్టూ, దిగువన పాపికొండల దాకా ఉన్న రేవులూ చాలావరకు నీటి అడుగుకు చేరతాయి. వంతెన లేని రోజుల్లో రాజమండ్రి నుంచి లాంచీలో వచ్చిన మన అమ్మమ్మలు దిగి, మూడు రాళ్ళు పెట్టి వంట చేసుకున్నది ఆ రేవుల్లోనే. ఇంట్లో పెద్దావిడెవరైనా ఆ ప్రయాణం చేసి ఉంటే ఏయే రేవులో లాంచీ ఆగిందో అడగండి. వరస తప్పకుండా పేర్లు చెబుతారు, రాసి పెట్టుకోండి.