పక్షులకు విడిది ఇచ్చిన ఊళ్ళు

హౌరాలో బయల్దేరి మద్రాసు దారి పట్టిన రైలుకు తొలుత తగిలే పెద్ద జంక్షన్ సంత్రాగాఛి. స్టేషన్‌ను ఆనుకుని సౌత్ ఈస్టర్న్ రైల్వేకి చెందిన చెరువు ఒకటి ఉంది. బెంగాలీలు దాన్ని ఝీల్ అంటారు. చలికాలం వచ్చిందంటే అందులో వేల పక్షులు దిగుతాయి. వాటిలో ఎక్కువ భాగం ఈలవేసినట్టు కూసే చిన్న బాతులు, బెంగాల్‌లో సరాల్ అని పిలిచేవి. హిమాలయాలు దాటి వచ్చే సూదితోక బాతుల్లాంటివీ కొన్ని ఉంటాయి. ఆ బాతులు దిగేలోపే చెరువును కమ్మేసిన గుర్రపుడెక్కను తీస్తారు. అయితే మొత్తం తీసెయ్యరు. నీళ్ళ మధ్య అక్కడక్కడా దిబ్బల్లా కొంత వదిలేస్తారు. సరాల్ బాతు రాత్రిపూట మేతకు పోయి పగలు కునుకు తీస్తుంది, దానికి కూర్చోవడానికి ఆకుల తెప్ప కావాలి, దిగడానికి తేటనీళ్ళూ కావాలి. ఎంత తీయాలి, ఎంత ఉంచాలి అన్నది ఆ బాతు సౌకర్యాన్ని బట్టి తేల్చుకుంటారు. ఈ పనితో మనిషికి ఒక్క పైసా రాదు. మరి ఎందుకు చేస్తున్నట్టు? మనిషికి మంచీచెడూ అన్న తలంపు ఎక్కడి నుంచి పుట్టిందో వెతికేవాళ్ళు గ్రంథాల దగ్గరే ఆగిపోకుండా ఇలాంటి పనుల దగ్గర కూడా కాసేపు నిలబడాలి.

ఇదే రైలుమార్గం వెంట కిందికి వస్తే ఈ ప్రశ్నకు ఇంకా పాత సాక్ష్యాలు దొరుకుతాయి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, 1902లో తూర్పుతీరపు మార్గంలోని ఉత్తర భాగాన్ని వాల్తేరు దాకా తన చేతిలోకి తీసుకుంది. ఆ దారిలోనే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి, నౌపడ దగ్గర తేలినీలాపురం ఉన్నాయి. తేలుకుంచిలో తొలకరికి నత్తగుల్ల కొంగలు దిగి ఊళ్ళోని చెట్ల మీదే గూళ్ళు కడతాయి. తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. దూరాన రాయలసీమలో, చిలమత్తూరు మండలం వీరాపురంలోనూ అదే వరస. అక్కడ ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ళ మధ్య చింతచెట్లు ఎక్కుతాయి. దూరం నుంచి చూసేవాళ్ళకు అది కన్నులపండువే, చెట్టు కింద కాపురం ఉండేవాళ్ళ సంగతి వేరు. కొంగ తన పిల్లలకు తెచ్చిన చేప సగం కిందే పడుతుంది. రెట్టలతో వాకిలి తెల్లబడుతుంది, ఎండ ముదిరితే ఆ నీచువాసనకు అన్నం సయించదు. గూళ్ళున్న చెట్టెక్కి చింతపండు రాల్చడానికీ లేదు. ఇంత భరించి కూడా ఈ ఊళ్ళవాళ్ళు వాటిని తరమరు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, అవి రావడం మంచి శకునమని నమ్ముతారు, రాళ్ళు రువ్వే పిల్లల్ని మందలిస్తారు. కన్నడ సీమలోని కొక్కరె బెళ్ళూరులో గూడు తప్పి కింద పడ్డ పిల్లపక్షుల్ని చేరదీసి, చేపలు పెట్టి, రెక్కలొచ్చాక వదిలే ఏర్పాటు కూడా ఊరే చేసుకుంది.

ఇదంతా లాభం కోసమేనని కొట్టిపారేసేవాళ్ళున్నారు. ఆ మాటలో పస లేకపోలేదు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి మంచి ఎరువు. నెల్లూరు సీమలోని నేలపట్టులో గూడబాతులు కట్టే గూళ్ళ కింది నీళ్ళను రైతులు అందుకే మెచ్చుకున్నారు. నత్తగుల్ల కొంగ వరిచేలో నత్తల్ని ఏరి తింటుంది. తమిళనాడులోని వేడందాంగళ్ కథ దీనికి గట్టి రుజువు. అక్కడి చెరువులో బ్రిటిష్ సిపాయిలు పక్షుల్ని కాల్చిచంపుతుంటే ఊరివాళ్ళు చెంగల్పట్టు కలెక్టరు దగ్గర మొరపెట్టుకున్నారు. 1798లో లయొనెల్ ప్లేస్ అనే కలెక్టరు, ఆ పక్షుల్ని కాపాడుకునే హక్కు వాళ్ళదేనని కౌలు రాసిచ్చాడు. పొలం బాగు కోరడమూ ఆ మొరలో ఉండే ఉంటుంది. కానీ లాభమే వేరైతే, ఆ వేరు తెగినప్పుడు చెట్టు ఎండిపోవాలి. యూరియా బస్తాలు పల్లెల్లోకి వచ్చి అర్ధ శతాబ్దం దాటింది, రెట్టల ఎరువు లేకపోతే పంట పండదనే రోజులు పోయాయి. ఆచారం మాత్రం పోలేదు. సంత్రాగాఛి దగ్గరికొస్తే ఈ వాదం పూర్తిగా చతికిలబడుతుంది. అక్కడ చెరువు చుట్టూ ఉన్నవి ఇళ్ళూ, పట్టాలూ, రోడ్డూ. ఎరువు వేసుకోవడానికి పొలమే లేదు, చెరువు కట్టిన తాతముత్తాతల జ్ఞాపకమూ లేదు. అయినా ఒకరికొకరు పరిచయం లేని నగరవాసులు ఆ బాతులు మావి అనుకోవడం మొదలుపెట్టారు. లాభం అలవాటుకు తొలి ఊతమిచ్చి ఉండొచ్చు, అంతకుమించి దానికి పెద్దపీట వెయ్యలేం.

మతమే నేర్పిందనే మాట ఇంకా బలంగా వినిపిస్తుంది. క్రౌంచపక్షి నేలకూలితే వాల్మీకి గుండె కదిలి ఆదికావ్యం పుట్టిందని, పావురం కోసం శిబి తన తొడ కోసిచ్చాడని చిన్నప్పటి నుంచి విన్న జాతి మనది. ఆ కథల ప్రభావం లేదనడం మూర్ఖత్వం. అయితే ఆ కథలు దేశమంతా విన్నది, పక్షికి విడిది ఇచ్చింది మాత్రం ఏవో కొన్ని ఊళ్ళు. సంత్రాగాఛి పక్కనే రామరాజాతలా ఉంది. అక్కడ శ్రీరామనవమికి మొదలయ్యే రాముడి ఉత్సవం శ్రావణమాసం చివరి ఆదివారం దాకా, నాలుగు నెలలు, సాగుతుంది. అంత భక్తి ఉన్న ప్రాంతంలోనే ఈ చెరువులోకి ఏళ్ళ తరబడి మురుగు చేరింది. ఇది భక్తుల్ని తప్పుపట్టడానికి చెబుతున్నది కాదు. కథ విన్నంత మాత్రాన నడత పుట్టదని చెప్పడానికే. పైగా క్రౌంచ కథ కూడా అసలు చెబుతున్నది అదే. మునికి ఆ క్షణాన ఏ శాసనమూ గుర్తు రాలేదు, కళ్ళ ముందు ఒక ఆడపక్షి ఏడుపు విన్నాడు. కనికరం ముందు, శ్లోకం తర్వాత. గ్రంథం ఆ కనికరానికి భాష ఇచ్చి తరతరాలకు అందించింది. అదేమీ చిన్న పని కాదు, కానీ పుట్టించడం వేరు, పెంచడం వేరు.

ఈ విషయంలో చార్లెస్ డార్విన్ 1871లో అచ్చయిన ‘ది డిసెంట్ ఆఫ్ మ్యాన్’లో చేసిన ఆలోచన నాకు అన్నిటికన్నా నమ్మదగినదిగా కనిపిస్తుంది. దానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణల్లో వలసపక్షే ఉండటం విశేషం. చలి ముంచుకొచ్చే వేళ స్వాలోల్లాంటి కొన్ని పక్షులు గూట్లో ఎగరలేని పిల్లల్ని వదిలేసి వలస వెళ్ళిపోతాయి. పిల్లల మీద మమకారాన్ని ఆ క్షణాన ప్రయాణపు తహతహ గెలుస్తుంది. గమ్యం చేరి తహతహ చల్లారాక, వదిలొచ్చిన పిల్లల రూపం మనసులో మెదిలే శక్తే ఆ తల్లికి ఉంటే ఎంత కుమిలిపోతుందో అంటాడాయన. గుంపుగా బతికే ప్రాణికి తోటివాళ్ళ మీద పుట్టుకతో వచ్చే మమకారం, దానికి తోడు జరిగింది నెమరేసుకునే బుద్ధి, ఈ రెండూ కలిసినచోట అంతరాత్మ తయారవుతుందన్నది ఆయన వాదన సారం. మన ఊళ్ళ సాక్ష్యం దీనికి ఇంకొక్కటి జోడిస్తుంది. మమకారం ఊరికే పరుచుకోదు, దానికి పదేపదే కళ్ళబడటం కావాలి, ఒక వరస కావాలి. ఏడాదికోసారి అదే చెట్టుకు తిరిగొచ్చే కొంగ చుట్టమైంది. చుట్టమయ్యాక ఆడబిడ్డ అయింది. ఆడబిడ్డ మీద రాయి వెయ్యడం తప్పయింది. నీతి ఈ వరసలోనే పుట్టిందని నా నమ్మకం.

దీనికి ఎదురయ్యే అసలైన ఆక్షేపణ మరొకటి ఉంది, దాన్ని దాటవేస్తే ఈ చర్చకు అర్థం లేదు. కొంగకు పుట్టిల్లయిన పల్లె సాటిమనిషిని ఊరి వెలుపల ఉంచింది. రెట్టలతో వాకిలి పాడుచేసే పక్షిని సహించిన సమాజమే మాలమాదిగల నీడను సహించలేదు. గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు, గుడి గడప తొక్కనివ్వని మనిషి తన మొరను శివుడికి విన్నవించమని గబ్బిలాన్ని పంపాడు. గబ్బిలానికి గర్భగుడిలో చోటుంది, అతనికి లేదు. ఇంతకంటే కఠోరమైన సాక్ష్యం ఏ తత్త్వవేత్తా చూపించలేడు. ఇది నా వాదాన్ని పడగొడుతుందా? పడగొట్టదనుకుంటాను, కానీ దానిలోని తీపిని పూర్తిగా తీసేస్తుంది. మమకారం నుంచి పుట్టిన నీతి, మమకారం గీసుకున్న గిరి దాకానే వెళుతుంది. ఎవరు చుట్టం, ఎవరు పరాయి అన్నది మనుషులే, అందులోనూ బలమున్నవాళ్ళే, నిర్ణయిస్తారు. నీతి పైనుంచి పరిపూర్ణంగా దిగివచ్చినదే అయితే పక్షి దగ్గర ఒకలా, మనిషి దగ్గర ఇంకోలా ఉండటానికి వీల్లేదు. ఇంకో తేడా కూడా గమనించాలి. కొంగ దయ అందుకుని ఊరుకుంటుంది, దానికి హక్కు అడిగే నోరు లేదు. వెలివాడ మనిషి దయ కోరలేదు, లెక్క అడిగాడు. జాషువా పద్యంలోనూ, అంబేడ్కర్ పోరాటంలోనూ ఉన్నది ఆ అడగడమే. దయ మోయలేని దూరానికి నీతిని లాక్కెళ్ళింది బాధితుడి గొంతు. కాబట్టి నీతికి పుట్టుక మమకారంలోనే అయినా, ఎదుగుదలలో సగం నిలదీతది.

మరి బాతుల తరఫున నిలదీసేదెవరు? సంత్రాగాఛిలో అది జరిగింది. పర్యావరణ కార్యకర్త సుభాష్ దత్తా ఈ చెరువు సంగతిని జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు తీసుకెళ్ళారు. మురుగు చెరువులోకి చేరకుండా ఆపాలని, శుద్ధి కేంద్రం కట్టాలని ట్రిబ్యునల్ ఆదేశించింది. ఆ తర్వాత స్థలం ఎవరివ్వాలి, ఖర్చు ఎవరు పెట్టాలి అన్న దగ్గర రైల్వే, నగరపాలక సంస్థ, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య వాదులాట ఏళ్ళు నడిచింది. ఈ జాప్యానికి కారణం క్రూరత్వమని నేననను. గట్టు మీద నిలబడి సరాల్ గుంపును చూసేవాడికి బాతు చుట్టమే. నాలుగు వీధుల అవతల వంటగదిలో గిన్నెలు తోమిన నీళ్ళు ఏ కాలువలో కలిసి ఎక్కడ తేలతాయో ఆ ఇంటివాళ్ళకు తెలియదు, ఆ బాతును వాళ్ళు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. తేలినీలాపురంలో రాయి విసిరే చెయ్యీ, రాలే పక్షీ ఒకే వాకిట్లో కనిపిస్తాయి. సంత్రాగాఛిలో చెయ్యి ఒకచోట ఉంది, పక్షి ఇంకొకచోట ఉంది, వాటి మధ్య భూమిలో పాతిన గొట్టం ఉంది. చూపు అందని ఆ దూరాన్ని పూడ్చేందుకే చట్టమూ, ట్రిబ్యునలూ, శుద్ధి కేంద్రపు పద్దూ కావలసి వస్తున్నాయి. చెరువుకు చేరే కాలువలు ఏ వీధి నుంచి ఎంత మురుగు తెస్తున్నాయో లెక్కతేల్చి, ఆ వీధి పేరు పెట్టి అక్కడి జనానికి చెప్పడం ఇప్పుడు జరగాల్సిన పని.