మోకాలంటే తలుపు కబ్జా కాదు

పొద్దున ప్రార్థన అయ్యాక మన బడిలో అందరినీ నేల మీద కూర్చోబెట్టేవారు గుర్తుందా? టీచర్లు బాసింపట్టు అనేవారు, మన ఇళ్లలో సక్లముక్లం. గంట కొట్టగానే చేయి నేలకు ఆనకుండా లేచి పరుగెత్తేవాళ్లం. మోకాలు ఒకటుందని గుర్తుకైనా వచ్చేది కాదు.

కొన్నేళ్ల కిందట, మనకు పాఠాలు చెప్పిన ఒక టీచర్ గారు కుడి మోకాలి మార్పిడికి సిద్ధమవుతూ నన్ను పిలిపించారు. శిష్యుల్లో మెకానికల్ ఇంజనీరును నేనే దొరికాను. "కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడిలో మళ్లీ కింద కూర్చోగలనా?" అని అడిగారు. "కూర్చుంటారు టీచర్" అన్నాను. ఒక్క పేజీ చదవకుండా ఇచ్చిన జవాబు అది. ఆపరేషన్ బాగానే జరిగింది, నొప్పి పోయింది, నడక వచ్చింది. కింద మాత్రం కూర్చోలేకపోయారు. "నొప్పి పోయిందిరా. కానీ ఇది నా మోకాలు కాదు, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంది" అన్నారు. ఆ రోజు నుంచి ఈ చరిత్ర చదువుతున్నాను.

హార్డ్‌వేర్ షాపులో తలుపుకు కబ్జాలు అడుగుతాం కదా (ఎల్బీనగర్ ప్లాట్ల కబ్జా కాదు!), మొదటి కృత్రిమ మోకాళ్లు అచ్చం అవే. 1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లెస్ గ్లుక్ అనే సర్జన్ ఏనుగు దంతంతో చేసిన కబ్జాను మోకాలిలో అమర్చాడు. క్షయ పట్టిన కీళ్లవి. ఇన్ఫెక్షన్ వచ్చి ప్రయత్నం నిలవలేదు. 1951లో స్వీడన్ సర్జన్ బోర్యె వాల్డియస్ యాక్రిలిక్‌తో, తర్వాత లోహంతో కబ్జా మోకాలు చేశాడు. అది కొంతకాలం బాగా నడిచేది, ఆ తర్వాత వదులయ్యేది. కారణం ఇంజనీరుకు వెంటనే అర్థమవుతుంది. కబ్జా ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. మనిషి మోకాలు మడిచేటప్పుడు కాలు కొంచెం మెలి కూడా తిరుగుతుంది. కబ్జా ఆ మెలిని ఒప్పుకోదు కాబట్టి ఆ బలమంతా ఎముకలో దిగిన కాడ మీద పడుతుంది. రోజుకు కొన్ని వేల అడుగులు పడుతుంటే కాడ ఎన్నాళ్లు ఆగుతుంది?

విచిత్రమేమిటంటే, మోకాలు కబ్జా కాదని అప్పటికి వందేళ్ల కిందటే తెలుసు. 1836లో జర్మనీలో వేబర్ సోదరులు విల్‌హెల్మ్, ఎడ్వర్డ్ మనిషి నడక మీద రాసిన పుస్తకంలో, తొడ ఎముక కింది ఎముక మీద దొర్లుతుంది, జారుతుంది కూడా అని చెప్పారు. అంటే ఇరుసు ఒకచోట ఉండదు, మడిచే కొద్దీ జరుగుతుంది. లోపల కత్తెరలా అడ్డంగా వెళ్లే రెండు లిగమెంట్లు ఈ కదలికకు పగ్గాలు. లోపలి వైపు తొడ ఎముక గిన్నెలో గుండులా దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది. బయటి వైపు మాత్రం వెనక్కి దొర్లుతుంది. సక్లముక్లం కూర్చున్నప్పుడు ఈ మెలి, ఈ దొర్లుడు రెండూ కావాలి.

దీన్ని పట్టుకున్నవాడు ఫ్రాంక్ గన్‌స్టన్. కెనడా మనిషి, ఇంజనీరింగ్ చదివి డాక్టరైనవాడు (మన వృత్తికి కాస్త గర్వం). ఇంగ్లండ్‌లో రైటింగ్టన్ ఆసుపత్రిలో తుంటి కీలుకు పేరుపడ్డ జాన్ చార్న్‌లీ దగ్గర ఉండి, 1968లో లిగమెంట్లను అలాగే ఉంచి, లోహపు అర్ధచక్రాలు ప్లాస్టిక్ గాడుల్లో దొర్లేలా కీలు చేశాడు. ఇరుసు కదిలే తొలి మోకాలు అదే అనవచ్చు.

కానీ లోకమంతా నిలిచింది వేరే దారి. 1974లో న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్, చిత్తరంజన్ రణావత్, ఇంజనీరు పీటర్ వాకర్ కలిసి టోటల్ కాండైలర్ మోకాలు తెచ్చారు. రణావత్ మధ్యప్రదేశ్‌లో పుట్టి ఇందోర్‌లో వైద్యం చదివినాయన. 2000, 2001లో వాజ్‌పేయి గారి రెండు మోకాళ్లకూ ముంబైలో ఆపరేషన్ చేసింది ఆయనే. ఈ మోకాలు గట్టిది, ఏళ్ల తరబడి మన్నింది. లిగమెంట్లు రెండూ తీసేయడంతో తొడ ఎముక వెనక్కి దొర్లేది కాదు. అందుకే మడత 90 డిగ్రీల దగ్గర ఆగేది. 1978లో ఇన్సాల్, ఇంజనీరు ఆల్బర్ట్ బర్‌స్టీన్ ప్లాస్టిక్ మధ్యలో ఒక గూటం పెట్టి, మడిచేటప్పుడు లోహపు కామ్ దానికి ఆని వెనక్కి జరిగేలా చేశారు. తీసేసిన లిగమెంట్ పనిని కామ్‌కు అప్పగించారన్నమాట. 1990ల చివర లోపలి వైపు గిన్నె, బయటి వైపు జారుడు ఉన్న మీడియల్ పివట్ మోకాళ్లు వచ్చాయి. అయినా మార్పిడి చేయించుకున్న ఐదుగురిలో ఒకరికి పూర్తి తృప్తి ఉండదని సర్వేలు చెబుతూనే ఉన్నాయి. మా టీచర్ ఆ ఐదో మనిషి.

ఈ కథలో మన పేట పక్కనే ఉన్న కంచన్‌బాగ్ కూడా ఉంది. మనతో చదివిన కొందరి నాన్నలు డీఆర్‌డీఎల్‌లో, 1973లో మొదలైన మిధానిలో పనిచేసేవారు. అక్కడ తయారయ్యే టైటానియం మిశ్రమాలు రాకెట్లకే కాదు, శరీరంలో అమర్చే భాగాలకూ పనికొస్తాయి. 1982లో డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా వచ్చిన కలాం గారు పలు ప్రసంగాల్లో ఒక సంగతి చెప్పేవారు. నిమ్స్ ఎముకల డాక్టరొకరు ల్యాబ్‌కు వచ్చి, క్షిపణికి వాడే తేలికైన పదార్థాన్ని చేతిలోకి తీసుకుని చూసి, ఆయన్ని తన వార్డుకు తీసుకెళ్లారట. అక్కడ పిల్లలు మూడు కిలోల పైబడ్డ కాలిపర్లు ఈడ్చుకుంటున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది. అది కాలి బయట కట్టేది, మోకాలి కీలు కాదు, నిజమే. కానీ మా క్లాసులో ఒక మిత్రుడి ఇనుప కాలిపర్ మెట్ల మీద చేసే చప్పుడు నాకింకా వినపడుతుంది. తేలికది వచ్చేసరికి మేం బడి వదిలి ఏళ్లయింది.

2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. కోబాల్ట్ క్రోమియం మోకాలు లక్షన్నర పైమాటగా ఉండేది, పన్ను కాక 54,720 రూపాయలకు దిగింది. ఎక్కువ మడత వచ్చే రకానికి 56,490. అంటే ధరలో తేడా పెద్దగా లేదు. అసలు తేడా ఆపరేషన్‌కు ముందు మోకాలు ఎంత మడిచేదన్న దానిలో, కండరాల బలంలో ఉంది. ఈ మాట అప్పుడు టీచర్‌కు చెప్పాల్సింది.

ఇప్పుడు ఆవిడ ఎడమ మోకాలి వంతు వచ్చింది. మళ్లీ అదే ప్రశ్న అడిగారు. ఈసారి బొమ్మ గీసి చూపించాను: నడక 70 డిగ్రీల లోపు, కుర్చీలోంచి లేవడం 100 దాటి, నేల మీద కూర్చోవడం 130 పైన. మొదటి రెండూ వస్తాయి, మూడోది అనుమానమే, డాక్టర్‌ను తప్పకుండా అడగండి అన్నాను. కాగితాన్ని కాసేపు చూసి, "ఇది ముందే గీయాల్సిందిరా" అన్నారు. స్వర్ణోత్సవానికి వస్తారట. ముందు వరుసలో జంపఖానాలు వద్దని, చేతులున్న కుర్చీలు వేయించమని కమిటీ మిత్రులకు చెప్పాను.