ఉదజనిలోని ఉదకం: పెనుకొండ సీమ నుంచి ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పెనుకొండకు నీటిని తెచ్చుకోవలసి వచ్చిందనడానికి శాసనాధారం ఉంది. 1388 నాటి గౌరీబిదనూరు ప్రాంత శాసనం ప్రకారం, పెనుకొండలో ఉన్న విజయనగర రాకుమారుడు బుక్కరాయలు హెన్నె నదిని, అంటే పెన్నను, పట్టణానికి తీసుకురమ్మని జలసూత్ర నిపుణుడైన సింగాయభట్టును ఆజ్ఞాపించాడు. ఆయన సిరువేర చెరువు వరకు కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టాడు. ఆరు శతాబ్దాల తరువాత ఈ సీమ ఎండ ఇంధన వనరుగా లెక్కకు వచ్చింది. సౌరవిద్యుత్తుతో తయారు కాగల ఇంధనాలలో ఉదజని ఒకటి. ఉదజనిని బొగ్గు నుంచి, సహజవాయువు నుంచి, నీటి నుంచి తీస్తారని చెప్పడం వాడుక. ఈ వర్గీకరణలో మరుగుపడిన నీటి పాత్రను ‘ఉదజని’ అన్న తెలుగు మాట నిలుపుకొన్నదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదనిర్మాణం

హెన్రీ కావెండిష్ 1766లో ‘మండే గాలి’గా వర్ణించిన ఈ వాయువుకు 1787లో లవోయిజర్, ఆయన సహచరులు గ్రీకు ధాతువులతో కొత్త పేరు పెట్టారు. నీటిని పుట్టించేది అని దాని అర్థం. తెలుగు ‘ఉదజని’ ఆ మార్గంలోనే ఏర్పడింది. ఆమ్లజని, నత్రజని దీనికి తోబుట్టువులు. ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది కనుక, ఉదజని అంటే ఉదకాన్ని పుట్టించేది అన్నదే ఉద్దిష్టార్థం. అయితే సంస్కృతంలో ‘జని’ పుట్టుకకు పేరు. కాబట్టి ఉదకం నుంచి పుట్టుక కలది అని బహువ్రీహిగా విగ్రహం చెప్పడానికీ వీలుంది. మొదటి అర్థం ఈ వాయువు మండే తీరుకు, రెండవది తయారయ్యే తీరుకు సరిపోతాయి.

తయారీ చరిత్ర

తెలుగునాట ఉదజని భారీ ఉత్పత్తి ఎరువుల కోసం జరిగింది. రామగుండంలో భారత ఎరువుల సంస్థ కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. అది బొగ్గును వాయువుగా మార్చి ఉదజనిని పొంది, గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియాను, దాని నుంచి యూరియాను తయారుచేసేది. కాకినాడలో నాగార్జున ఎరువుల కర్మాగారం 1992లో సహజవాయువుతో ఈ పని ప్రారంభించింది. రామగుండంలోనే కొత్త కర్మాగారం 2021లో సహజవాయువు ఆధారంగా ఉత్పత్తికి వచ్చింది.

సహజవాయువులో ప్రధానమైనది మీథేన్. దానిని నీటి ఆవిరితో కలిపి, 700 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో నికెల్ ఉత్ప్రేరకం మీదుగా పంపుతారు. ఉదజని, కార్బన్ మోనాక్సైడ్ ఏర్పడతాయి. ఆ మోనాక్సైడ్ మళ్ళీ ఆవిరితో చర్య జరిపి మరికొంత ఉదజనిని ఇస్తుంది. మొత్తం మీద ఒక మీథేన్ అణువు, రెండు నీటి అణువులు కలిసి నాలుగు ఉదజని అణువులను ఇస్తాయి. వాటిలో రెండు నీటి నుంచి వచ్చినవే. బొగ్గు విషయంలో ఈ వాటా ఇంకా ఎక్కువ. బొగ్గులో ప్రధానమైన కర్బనం నీటిలోని ఆమ్లజనిని తీసుకుంటుంది, ఉదజని విడుదలవుతుంది. 1800లో నికల్సన్, కార్లైల్ చేసి చూపిన విద్యుద్విశ్లేషణలో ఆ విభజనను విద్యుత్తు చేస్తుంది. మూడు పద్ధతులలోనూ నీరు ముడిపదార్థమే.

వర్ణ విశేషణాలు

నేటి వాడుకలో సహజవాయువుతో చేసినది బూడిదరంగు ఉదజని. వెలువడే కార్బన్ డయాక్సైడును పట్టి నిల్వచేస్తే అది నీలి ఉదజని. సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడదీస్తే హరిత ఉదజని. ఈ విశేషణాలన్నీ కర్బనాన్ని లెక్కిస్తాయి, నీటి లెక్క చెప్పవు. రసాయన సమీకరణం ప్రకారం, కిలో ఉదజనికి మీథేన్ పద్ధతిలో 4.5 కిలోల నీరు ఖర్చై 5.5 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. వేడి కోసం మండించే వాయువు నుంచి వచ్చేది దీనికి అదనం. విద్యుద్విశ్లేషణలో ఆ వాయువు రాదు. నీరు మాత్రం 9 కిలోలు కావాలి.

2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ హరిత ఉదజని కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. లక్ష్యం రోజుకు 1,500 టన్నులు. పై లెక్కన రోజుకు కనీసం 13,500 టన్నుల నీరు, అంటే 1.35 కోట్ల లీటర్లు అవసరం. పూడిమడక పక్కన సముద్రం ఉంది, ఉప్పు తీసి వాడుకోవచ్చు. పెనుకొండ ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలోనే నంబులపూలకుంటలో అదే సంస్థ 250 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రాన్ని 2016లో నెలకొల్పింది. కానీ పూర్వపు అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇక్కడి ఎండ విద్యుత్తుగా మారి తీగల మీద తీరానికి చేరగలదు. తీరంలోని నీటిని ఇక్కడికి ఎక్కించడం అంత తేలిక కాదు.

ఉపసంహారం

బుక్కరాయల కాలంలో నదిని ఊరికి మళ్ళించడం పాలన కర్తవ్యం. కరవు సీమలో ఇంధన కేంద్రాన్ని తలపెట్టేవారు ఎండతోపాటు చెరువును కూడా లెక్కించడం నేటి కర్తవ్యం. హరిత శబ్దం ఒక్కటే ఆ లెక్కను గుర్తుచేయదు. శాస్త్రరచనలోనూ పత్రికలలోనూ ‘హైడ్రోజన్’ స్థిరపడి ‘ఉదజని’ వెనుకబడుతోంది. వ్యుత్పత్తి తెలిసినవారికి ఆ మాటే నీటి సంగతిని ముందుగా చెబుతుంది. పారిభాషిక పదాల ఎంపికలో ఈ ప్రయోజనాన్ని కూడా పరిశోధకులు పరిగణించవలసి ఉంది.