కాచేవారిగా ఉందాం

ధ్యాన భాగం: ఆదికాండము 2:15



1967లో లిన్ వైట్ అనే అమెరికా చరిత్రకారుడు ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ప్రకృతి నాశనానికి వేళ్లు పాశ్చాత్య క్రైస్తవుల ఆలోచనలోనే ఉన్నాయన్నాడు. ఆదికాండము 1:28లోని ఏలుబడి మాటను పట్టుకొని, సృష్టి అంతా మన వాడకానికే అనుకున్నామన్నది ఆయన మోపిన నేరం. ఆయనా సంఘంలోనివాడే. అందుకే మందు కూడా సంఘంలోనే వెదకి, అస్సీసీ ఫ్రాన్సిస్‌ను మాదిరిగా చూపాడు. 1979లో పోప్ రెండవ జాన్ పాల్ ఆ ఫ్రాన్సిస్‌నే పర్యావరణ సేవకుల పాలక పునీతుడిగా ప్రకటించారు.

వాక్యం ఏమంటోంది? ఏదెను తోటలో దేవుడు ఆదాముకు అప్పగించిన పనిని హెబ్రీలో రెండు మాటలు చెబుతాయి. ‘అబద్’ అంటే సేద్యం చేయడం. సేవ చేయడం కూడా. ‘షామర్’ అంటే కాపాడడం. సంఖ్యాకాండము 6:24లో యాజకుడు ప్రజలను దీవించేటప్పుడు వాడేదీ ఈ రెండో మాటే. దేవుడు మనలను కాస్తున్నట్టే మనం నేలను కాయాలి. ఏలుబడి అంటే ఇదే.

ఈ కాపుదల ఎలా ఉంటుందో ఇథియోపియాలో చూడవచ్చు. అక్కడ నాలుగో శతాబ్దంలోనే, అక్సూము రాజు ఎజానా కాలంలో, రాజ్యం క్రీస్తును అంగీకరించింది. ఉత్తరాన ఎత్తు ప్రాంతాల్లో అడవి చాలావరకు సాగుకూ వంటచెరకుకూ పోయింది. మిగిలినది ఎక్కువగా మందిరాల చుట్టూనే ఉంది. ఆ చెట్లు మందిరానికి వస్త్రమని, ఏదెనుకు గుర్తని అక్కడి ఆర్థడాక్స్ విశ్వాసులు నమ్ముతారు. ఆ నీడలో ఊటలు, తేనెటీగలు, అడవి ఒలీవ చెట్లు బ్రతుకుతున్నాయి.

అయినా పశువులు మొలకలను మేసేవి, నాగలి అంచులను తినేసేది. అలెమాయెహు వాసీ అనే అక్కడి అడవుల శాస్త్రవేత్త యాజకులతో మాట్లాడాడు. రైతులు పొలాల్లో ఏరిన రాళ్లతోనే గోడలు కట్టుకున్నారు.

ప్రియులారా, ఒక్క సంగతి గమనించండి. గోడ లోపల మోకరించేదీ, గోడ బయట దున్నేదీ ఆ విశ్వాసులే. దేవునిదని ఎంచిన చోట చెట్టు నిలిచింది. తమదని ఎంచిన చోట పోయింది. అయితే 24వ కీర్తన ప్రకారం భూమి అంతా యెహోవాదే కదా! మందిరం ఆవరణలోని వేపచెట్టు ఎంత ఆయనదో, మన పొలం గట్టూ, ఊరి చెరువూ అంతే ఆయనవి. గట్టు మీది చెట్టుకు గొడ్డలి ఎత్తేముందు, చెరువులో మందు డబ్బా కడిగేముందు, ఇది ఎవరిదని అడుగుదాం.

తోటను అప్పగించిన ప్రభువు మనలను నమ్మకమైన కాపరులుగా చేయును గాక. ఆమేన్.